తుంటి సరిచేసే ఆపరేషన్లు: ఏ వయసుకు ఏ దారి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. ఆరోగ్యం అనగానే మన సభల్లో మలేరియా, రక్తహీనత, దోమతెరలు, ఇవే వస్తాయి. రావాలి కూడా. కానీ అవి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను తుంటి గురించి చెప్తాను. నవ్వకండి. మన ఊళ్లలో చిన్నప్పటి నుంచి 'కుంటోడు', 'కుంటిది' అని పేరు పడిపోయి, ఆ పేరుతోనే పెళ్లిళ్లు తప్పిపోయినవాళ్లు, చదువు మానేసినవాళ్లు మీకు ఒక్కరైనా తెలిసే ఉంటారు. వాళ్లలో కొందరి నడక సరిచేయగలిగేదే. ఏ వయసులో ఏం చేయొచ్చో ఇంట్లోవాళ్లకు తెలియక ఆ వయసు దాటిపోయింది.

ఒక మాట ముందే చెప్పాలి. నేను డాక్టర్ని కాను. బీఈడీ చేసి, గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేస్తున్నాను. పిల్లల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రులకు తిరుగుతూ, డాక్టర్లను విసిగించి మరీ అడిగి, చదివి తెలుసుకున్నదే చెప్తున్నాను. ఆపరేషన్ కావాలా వద్దా అన్నది మీ ఎక్స్‌రే చూసిన డాక్టరే చెప్పాలి. ఆయన చెప్పే మాట మీకు, మీ అమ్మానాన్నలకు అర్థమయ్యేలా చేయడం వరకే నా పని.

తుంటి కీలు ఎలా ఉంటుందో చూద్దాం. రోలు, రోకలి గుర్తు చేసుకోండి. నడుము కింద ఉండే కటి ఎముకలో ఒక గుంట ఉంటుంది, అది రోలు. తొడ ఎముక పై కొస గుండ్రంగా బంతిలా ఉంటుంది, అది రోకలి మొన. రోలు లోతుగా ఉంటే రోకలి లోపలే తిరుగుతుంది. లోతు లేకపోతే దెబ్బ దెబ్బకీ అంచు మీదికి జారుతుంది, అంచు అరిగిపోతుంది. కొందరు పిల్లలకు పుట్టుకతోనో, పెరిగేటప్పుడో ఈ గుంట లోతు చాలదు. కొందరికి బంతి పూర్తిగా బయటకే జారిపోయి ఉంటుంది. ఆడపిల్లల్లో, కాళ్లు ముందుగా ఉండి పుట్టిన బిడ్డల్లో, ఇంట్లో మరొకరికి ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ఎంత లోతు చాలదో ఎక్స్‌రే మీద కోణం గీసి కొలుస్తారు. పెద్దవాళ్లలో ఆ కోణం 25 డిగ్రీలు దాటితే మామూలు, 20 కంటే తక్కువైతే బంతి మీద కప్పు చాలడం లేదని లెక్క.

ఇక్కడ మన అమ్మల గురించి ఒక మాట చెప్పుకోవాలి. మన ఆడవాళ్లు బిడ్డను గుడ్డతో వీపుకో నడుముకో కట్టుకుని కొండ ఎక్కుతారు. బిడ్డ కాళ్లు రెండూ విడివడి, కప్పకాళ్లలా అమ్మ ఒంటికి అతుక్కుని ఉంటాయి. పసిబిడ్డ తుంటికి అదే మంచి భంగిమ, బంతి గుంట మధ్యలో కూర్చుంటుంది, గుంట లోతుగా పెరుగుతుంది. కాళ్లు చాచి, రెండూ కలిపి గట్టిగా చుట్టేసే అలవాటున్నచోట ఈ జబ్బు ఎక్కువ. అమెరికాలో నవాహో తెగవాళ్లు పసిపిల్లల్ని చెక్కకు కాళ్లు చాచి కట్టేవారు, వాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. జపానులో 1970ల్లో 'బిడ్డ కాళ్లు చాచి చుట్టకండి' అని దేశమంతా ప్రచారం చేశాక తుంటి జారిన పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. కాబట్టి పట్నం చూసి వచ్చి 'గుడ్డలో కట్టుకోవడం నామోషీ' అని ఎవరైనా అంటే నమ్మకండి. టవల్లో తీగలా బిగించి చుట్టడమే మానేయాలి.

అలా మోసినా కొందరికి వస్తుంది. అప్పుడు ఏ వయసులో పట్టుకున్నామన్నది ముఖ్యం. ఆపరేషన్ల పేర్లు ఎన్ని విన్నా, వాటి మధ్య తేడా వయసుతోనే మొదలవుతుంది. ఎందుకంటే చిన్నపిల్లల కటి ఎముక ఒకే ముక్క కాదు. మూడు ముక్కలు గుంట అడుగున కలుస్తాయి, కలిసేచోట ఇంగ్లీషు 'వై' అక్షరంలా మెత్తటి మృదులాస్థి ఉంటుంది. గుంట పెరిగేది దాని వల్లే. అది తెరిచి ఉన్నన్నాళ్లూ ఒక రకం ఆపరేషన్లు, మూసుకుపోయాక ఇంకో రకం. ఆడపిల్లలకు మగపిల్లల కంటే ముందే మూసుకుంటుంది, పెద్దమనిషి అయ్యే రోజుల్లోనే.

ఆరు నెలల లోపు దొరికితే కోతే అక్కర్లేదు. పట్టీల బెల్టు ఒకటి ఉంది, చెక్ డాక్టర్ పావ్లిక్ తయారుచేసింది. కాళ్లను కప్పకాళ్లలా ఉంచి కొన్ని వారాలు కడతారు. మన అమ్మ గుడ్డ చేసే పనే అది కొలతతో చేస్తుంది. ఆరు నెలలు దాటితే మత్తిచ్చి బంతిని గుంటలో కూర్చోబెట్టి, నడుము నుంచి కాళ్ల దాకా పిండికట్టు వేస్తారు. దాదాపు ఏడాదిన్నర దాటాక, బిడ్డ నడుస్తున్న కొద్దీ, ఎముక కోసి సరిచేయాల్సి రావచ్చు.

చిన్నపిల్లల కోతల్లో మీరు వినబోయే మొదటి పేరు సాల్టర్. కెనడాలో టొరంటో పిల్లల ఆసుపత్రి డాక్టర్ రాబర్ట్ సాల్టర్ 1961లో దీన్ని ప్రకటించారు. గుంటకు పైన కటి ఎముకను ఒకే కోతతో అడ్డంగా పూర్తిగా కోస్తారు. గుంట ఉన్న కింది ముక్కను ముందుకీ పక్కకీ వంచి, సందులో పిల్లవాడి నడుము ఎముక నుంచే తీసిన చీలలాంటి ముక్కను పెట్టి, పిన్నులతో బిగిస్తారు. గుంట ఆకారం మారదు, అది చూసే దిక్కు మారుతుంది. వంగిన రోలును తిన్నగా నిలబెట్టినట్టు. తిప్పగలిగేది కొంత మేరకే. బంతి ముందుగా గుంటలో సరిగ్గా కూర్చుని ఉండాలి కూడా.

పెంబర్టన్, డేగా అని ఇంకో రెండు పేర్లు వింటారు. ఒకటి అమెరికాది, రెండోది పోలండుది, రెండూ 1960ల్లో వచ్చినవే. వీటిలో ఎముకను చివరి దాకా కోయరు. కొంత అతుకు ఉంచి, గుంట కప్పును కిందికి వంచుతారు. పాత కొమ్మను విరగ్గొట్టకుండా వంచినట్టు. దీంతో గుంట ఆకారమే మారుతుంది, పరిమాణం తగ్గుతుంది. గుంట మరీ వెడల్పై బంతికి వదులుగా ఉన్నప్పుడు ఇవి మేలు. ముక్క తనంతట తానే నిలబడుతుంది కాబట్టి చాలాసార్లు పిన్నులు అక్కర్లేదు, వాటిని తీయడానికి మళ్లీ మత్తు ఇవ్వనక్కర్లేదు. అయితే మృదులాస్థి తెరిచి ఉంటేనే కప్పు వంగుతుంది. గుంట ముందే చిన్నదై ఉంటే దాన్ని ఇంకా కుదించడం నష్టం. 'సాల్టరా, పెంబర్టనా, ఏది గొప్ప?' అని అడిగితే డాక్టరు నవ్వుతారు. గుంట లోతు చాలకా, వెడల్పు ఎక్కువయ్యా అన్నది చూసి ఎంచుకుంటారు. కొన్నేళ్లుగా పైకి జారిపోయిన బంతిని కిందికి దించడానికి తొడ ఎముకను కూడా కొంచెం కురచ చేయాల్సి వస్తుంది. కోతలు పెరిగేది అక్కడే.

బడి వయసు పెద్దపిల్లలకు సాల్టర్ కోత చాలినంత తిరగదు. అప్పుడు మూడు కోతల ఆపరేషన్. గుంట చుట్టూ కటి ఎముక మూడు కొమ్మలనూ కోసి, గుంటను ఎక్కువగా తిప్పుతారు. తిప్పే వెసులుబాటు ఎక్కువ, కానీ కటి వలయం మూడుచోట్ల తెగుతుంది. అతుక్కోవడానికి టైము పడుతుంది, అతుక్కోకపోయే భయం కూడా కొంత ఉంటుంది.

ఇప్పుడు మీ వయసు సంగతి. మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి. వార్షికోత్సవానికి థింసా సాధన చేస్తున్నారు. థింసా వరుసలో ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుంటారు కదా, ఒక్క అడుగు తేడా వచ్చినా వరుసంతా అలలా కదులుతుంది. ఆ పిల్ల దగ్గర ప్రతిసారీ వరుస ఒక పక్కకు దిగిపోతోంది. పిలిచి వరండాలో కుడికాలి మీద నిలబడమన్నాను. ఎడమ వైపు నడుం కిందికి జారింది. ఈ పరీక్ష మీరూ చేయొచ్చు. ఒంటికాలి మీద నిలబడితే, ఎత్తిన కాలు వైపు నడుం దిగిపోతే, నిలబడిన కాలి తుంటి దగ్గర ఏదో బలహీనత ఉందని అర్థం. తొడ మొదట్లో, గజ్జల్లో నొప్పి, బరువు మోసుకుని ఎక్కినప్పుడు ఎక్కువ కావడం, ఇవి కూడా గుర్తులే. ఆ పిల్ల నొప్పి అనలేదు, 'అలవాటే మేడమ్' అంది. చిన్నప్పుడు ఎక్కడో చూపిస్తే 'ఎదిగేకొద్దీ పోతుంది' అన్నారట.

విశాఖపట్నంలో ఎక్స్‌రే తీశారు. మృదులాస్థి మూసుకుపోయింది. సాల్టర్ లేదు, పెంబర్టన్ లేదు. వాళ్ల నాన్న డాక్టర్‌ని అడిగిన మాట నాకు ఇంకా గుర్తుంది: 'కోస్తే కాలు వస్తాదా, పోతాదా బాబూ?' డాక్టరు విసుక్కోకుండా కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు.

ఆయన చెప్పిన ఆపరేషన్‌ని బెర్నీస్ ఆస్టియాటమీ అంటారు, గాంజ్ ఆపరేషన్ అని కూడా. స్విట్జర్లాండులో బెర్న్ నగరంలో రైన్‌హోల్డ్ గాంజ్, ఆయన తోటివాళ్లు 1984లో మొదలుపెట్టి, 1988లో ప్రకటించారు. గుంట చుట్టూ పరుసగా కోసి, గుంటను కటి ఎముక నుంచి విడదీసి, బంతి మీద సరిగ్గా కప్పేలా తిప్పి, స్క్రూలతో బిగిస్తారు. మూడు కోతల ఆపరేషన్‌తో దీనికి పెద్ద తేడా, వెనకవైపు ఎముక స్తంభాన్ని తెంచరు. కటి వలయం నిలిచే ఉంటుంది. అందుకే రోగి పిండికట్టు లేకుండా కొద్ది రోజుల్లోనే కర్రల మీద లేస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలో, డాక్టరు చెప్పినన్నాళ్లో పూర్తి బరువు మోపకూడదు. ఇంకో సంగతి, మన ఇళ్లలో బయటకు అడగరు కానీ మనసులో అదే ఉంటుంది: పెళ్లయ్యాక కాన్పు ఎలా? వెనక స్తంభం తెగకపోవడం వల్ల కాన్పు దారి పెద్దగా మారదు. ఈ ఆపరేషన్ అయినవాళ్లు గర్భం దాల్చి మామూలుగా కన్నవాళ్లున్నారు. కాన్పు చేసే డాక్టరుకు మాత్రం ముందే చెప్పాలి.

దీనికి మృదులాస్థి మూసుకుని ఉండాలి, కీలు ఇంకా అరిగిపోకుండా ఉండాలి. చిన్నపిల్లలకు పనికిరాదు, అరిగిపోయిన కీలుకు లాభం తక్కువ. పెద్దమనిషి అయినప్పటి నుంచి ముప్ఫైల దాకా, కొందరికి ఆ తర్వాత కూడా, దీనికి వీలుంటుంది.

మీలో కొందరు ఫోన్‌లో 'చిన్న కోత ఆపరేషన్' అని వీడియోలు చూసి ఉంటారు. ఎముక కోతలు అవే, అక్కడికి చేరే దారులే వేరు. పాత పద్ధతిలో తుంటి ముందువైపు పెద్ద గాటు పెట్టి, కొన్ని కండరాలను ఎముక నుంచి విడదీసి మళ్లీ కుట్టేవారు. గజ్జల వెంట లోపలి వైపు నుంచి వెళ్లే దారి ఇంకొకటి ఉంది. అందులో తొడకు రక్తం తెచ్చే పెద్ద నాళాలు దగ్గరగా ఉంటాయి. డెన్మార్క్‌లో ఆర్హస్ డాక్టర్లు చిన్న గాటుతో, తొడ ముందరి కండరాన్ని పీచుల వెంట విడదీసి వెళ్లే దారి చేశారు. గజ్జల దారితో పోల్చి చూస్తే రక్తం తక్కువ పోయింది, టైము తక్కువ పట్టింది, గుంట తిప్పడం మాత్రం అంతే బాగా వచ్చింది. కండరాలు కోయకపోతే త్వరగా లేస్తారన్నది నిజమే. కానీ గాటు చిన్నదైతే డాక్టరుకు కనిపించేది తక్కువ. ఈ ఆపరేషన్‌లో చెయ్యి తిరగడానికి చాలా కేసులు చేయాలి. నన్నడిగితే, గాటు పొడవు కంటే ఆ డాక్టరు ఈ ఆపరేషన్ ఎన్నిసార్లు చేశారన్నది ముందు అడగాలి. మచ్చ పావడా కింద దాగుతుంది. గుంట వంకరగా అతికితే ఆ నడక దాగదు. ముందు నుంచి వెళ్లే ఏ దారిలోనైనా తొడ బయటి వైపు చర్మానికి వెళ్లే నరం నలగొచ్చు. మా పిల్లకు అరచేయంత మేర తిమ్మిరి ఉండిపోయింది. నడకకు అడ్డం కాదు. ముందే చెప్పి ఉండటం వల్ల ఆమె భయపడలేదు.

ఎన్నాళ్లు నిలుస్తుంది? బెర్న్‌లో మొట్టమొదట చేసిన 75 తుంటులను తర్వాత కూడా పరీక్షిస్తూ వచ్చారు. 20 ఏళ్ల తర్వాత 100కు 60 తుంటులు సొంత కీలుతోనే ఉన్నాయి. 30 ఏళ్లకు మూడోవంతు కంటే కొంచెం తక్కువ. వయసు మీరి, అప్పటికే అరుగుదల ఉన్నవాళ్లవి ముందుగా పోయాయి. మరి కీలు మొత్తం మార్చేస్తే? లోహపు కీళ్ల మీద 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం 25 ఏళ్ల తర్వాత 100కు 58 పని చేస్తున్నాయి. ఆ లెక్కలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు. పదహారేళ్ల పిల్లకు కీలు మారిస్తే బతుకులో రెండోసారి, మూడోసారి మార్చాల్సి రావచ్చు, ప్రతిసారీ కష్టం పెరుగుతుంది. గుంట తిప్పడం కీలుకు శాశ్వత మందు కాదు. కానీ ఇరవైల్లో, ముప్ఫైల్లో, పిల్లల్ని కని పెంచే ఏళ్లలో సొంత ఎముకతో నడిపిస్తుంది. ఆ ఏళ్ల విలువ ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

తుంటి నొప్పి అన్నిటికీ ఇదే కారణం అనుకోవద్దు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో పెర్థీస్ అనే జబ్బులో బంతికి రక్తం అందక మెత్తబడుతుంది. అప్పుడు తొడ ఎముకను కోసి లోపలికి వంచి, ప్లేటుతో బిగించి, మెత్తబడిన బంతిని గుంటలోపలే ఉంచుతారు. గుంట అచ్చులో పడి గుండ్రంగా గట్టిపడుతుంది. కాలు కొంచెం పొట్టి కావచ్చు. పది, పదహారేళ్ల మధ్య బంతి దాని మెడ నుంచి జారడం ఉంది. అది అత్యవసరం, మోకాలి నొప్పి అని పొరబడతారు. తుంటి టీబీ ఉంది. దానికి కోతకంటే ముందు మందులు.

మన సమాజానికి అన్నిటికంటే దగ్గరిది సికిల్ సెల్. రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి సన్న నాళాల్లో అడ్డుపడితే, తుంటి బంతిలోని ఎముక చచ్చిపోతుంది. అక్కడ గుంట లోపం కాదు, బంతే కుంగిపోతుంది. గుంట తిప్పితే పని జరగదు. తొలి దశలో బంతికి రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ ఉంది. కుంగిపోయాక చాలామందికి కీలు మార్పిడే మిగులుతుంది. 2023 జూలై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో 40 ఏళ్ల లోపువాళ్లకు పరీక్షలు చేస్తున్నారు. కార్డు తీసుకోండి. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా ఆ కార్డు మత్తు డాక్టరుకు చూపించాలి. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు మత్తులో ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా, ఆక్సిజన్ తగ్గినా ప్రమాదం. వాళ్లు ముందుగా రక్తం, సెలైన్ సిద్ధం చేసుకుంటారు. తెలియకపోతే చేయలేరు.

ఇక డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు అడగాల్సినవి. మృదులాస్థి తెరిచి ఉందా, మూసుకుందా? గుంట లోపమా, తొడ ఎముక లోపమా, రెండూనా? కీలు అరిగిందా? ఎంతకాలం బరువు మోపకూడదు? గొంతుక్కూర్చోవడం, కొండ ఎక్కడం ఎప్పటి నుంచి? మనకు ఇవి షోకు కాదు, ఇంటి పని, పొలం పని. స్క్రూలు తీస్తారా, ఉంచేస్తారా? ఇప్పుడు చేయించకపోతే ఏమవుతుంది? ఈ చివరి ప్రశ్న మర్చిపోకండి. కొన్నిసార్లు 'ఆరు నెలలకోసారి ఎక్స్‌రే తీసి చూద్దాం' అన్నదే సరైన జవాబు.

డబ్బు సంగతి. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలో మీకు చెప్పిన ఆపరేషన్ ఉందో లేదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి, డాక్టరు రాసిన ఆపరేషన్ పేరు చూపించి అడగండి. 'తుంటి ఆపరేషన్' అని మాత్రం అంటే కీలు మార్పిడి అనుకుంటారు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని బడుల్లో, అంగన్‌వాడీల్లో చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుకతో వచ్చే తుంటి లోపం కూడా ఉంది. ఆ బృందం మీ ఊరికి వచ్చినప్పుడు పసిపిల్లల తుంటి చూడమని అడగండి. బిడ్డ తొడలు రెండూ సమంగా విడివడకపోయినా, తొడ ముడతలు ఒక పక్కనే ఎక్కువ ఉన్నా, ఒక మోకాలు కిందికి ఉన్నట్టు కనిపించినా చూపించండి. ఆ వయసులో బెల్టుతో పోతుంది.

మా పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. కాలేజీకి బస్టాండ్ నుంచి నడిచే వెళ్తోంది. కర్ర లేదు, కొంచెం తూగు ఇంకా ఉంది, వ్యాయామం చేస్తోంది. థింసా ఇంకా ఆడలేదు. ఆడొచ్చా అని వచ్చే నెల డాక్టర్‌ని అడుగుతానంది.

భోజనాల తర్వాత ఎడమ వైపు గదిలో ఉంటాను. ఎవరి దగ్గరైనా పాత ఎక్స్‌రేలు ఉంటే తీసుకురండి. నేను జవాబు చెప్పను, కానీ ఏ విభాగానికి, ఏ రోజు వెళ్లాలో రాసిస్తాను.